జింక్ ప్లేటింగ్ యూనిట్‌కు పర్యావరణ అనుమతి: నా అనుభవం

మాది చిన్న జింక్ ప్లేటింగ్ యూనిట్. బోల్టులు, నట్లు, బ్రాకెట్లు, తలుపు గడియలు వస్తాయి. వాటికి జింక్ పూత వేసి, పాసివేషన్ (పూత త్వరగా పాడవకుండా దానిపై వేసే పలచని రసాయన పొర) చేసి తిరిగి పంపిస్తాం. రెండో లైను పెట్టాలనుకున్నప్పుడు, పాత అనుమతి దానికి సరిపోదనీ మళ్లీ దరఖాస్తు చేయాలనీ తెలిసింది. సరిగ్గా అప్పుడే మా పెద్ద కస్టమర్ ఒకరు ప్రశ్నావళి పంపారు. నీళ్లు ఎన్ని వాడతారు, వాడిన నీళ్లు ఎటు పోతాయి, బురద ఎవరికిస్తారు, హెక్సావాలెంట్ క్రోమియం వాడుతున్నారా అని అందులో అడిగారు. రెండు కాగితాలకూ జవాబులు రాసే పని నా మీద పడింది.

అనుమతి అంటే ఫారం నింపడం, ఫీజు కట్టడం, షెడ్డు చివర ఒక ఈటీపీ (వాడిన నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు) కట్టించడం అని మా రంగంలో చాలామంది అనుకుంటారు. ఇదంతా చేశాక నాకు గట్టిగా అనిపించింది వేరు. ఈటీపీ గురించి ఆలోచించేది చివర్లో. మొదట చూడాల్సింది ప్లేటింగ్ తొట్టిలోంచి సరుకు పైకి లేచి పక్క తొట్టిలోకి వెళ్లే ఆ కొద్ది సెకన్లు. అక్కడ జారిపోయినదాన్నే మనం తర్వాత పంపులు, మందులు, ఫిల్టర్లు పెట్టి పట్టుకోవాల్సి వస్తుంది.

అయితే తొట్టి దగ్గరికి వెళ్లకముందే ఒక పని ఉంది. షెడ్డులో ప్రతి డ్రెయిన్ ఎక్కడికి పోతుందో తెలియాలి. ఫారంతో పాటు డ్రైనేజీ నక్షా కూడా అడుగుతారు. మా షెడ్డు అంతకుముందు ఎవరిదో. వాళ్లు వదిలి వెళ్లిన నక్షాలో ఉన్న గీతలకూ నేలలో ఉన్న గొట్టాలకూ పొంతన లేదు. సాధారణంగా రెండు కాలువలు ఉంటాయి. మురుగు కాలువ శుద్ధి కేంద్రానికి పోతుంది. వాన నీటి కాలువ ఏ శుద్ధీ లేకుండా నేరుగా చెరువుకో వాగుకో పోతుంది. రెంటిలో ఏది ఏదో పైనుంచి చూస్తే తెలియదు. ఫ్లోరెసిన్ అనే రంగు పొడి తెచ్చాం. కాలువల నిర్వహణ చూసేవాళ్లకు ముందే చెప్పాం, లేకపోతే కాలువలో ఆకుపచ్చ నీళ్లు చూసి జనం కంగారు పడతారు. ఒక్కో డ్రెయిన్‌లో ఒక్కో బకెట్ రంగు నీళ్లు పోస్తూ, బయట మూతలు తీసి ఒక్కో మనిషిని నిలబెట్టాం.

లోపలి డ్రెయిన్లన్నీ అనుకున్నట్టే మా సంప్‌లోకి వచ్చాయి. యాసిడ్ డ్రమ్ములు దించే చోట ఉన్న చిన్న జాలీ దగ్గర పోసినప్పుడు మాత్రం సంప్ దగ్గర ఏమీ కనబడలేదు. కాసేపటికి ప్రహరీ బయట నిలబడ్డ కుర్రాడు కేకేశాడు: "ఇటొస్తోంది సార్, పచ్చగా!" వాన నీటి కాలువలో మెరిసే ఆకుపచ్చ ధార కనబడింది. డ్రమ్ము జారి పగిలే ప్రమాదం ఎక్కువగా ఉండేది దించే చోటే. సరిగ్గా ఆ చోటు నుంచే చెరువుకు నేరుగా దారి ఉంది. ఆ జాలీని కాంక్రీటుతో మూసేశాం. చుట్టూ గట్టు కట్టి, నేల వాలును లోపలి సంప్ వైపు తిప్పి, పైన రేకుల కప్పు వేయించాం. కప్పు ఎందుకంటే, లేకపోతే వాన నీళ్లన్నీ గట్టు లోపల నిలిచి అవి కూడా శుద్ధి చేయాల్సిన నీళ్లవుతాయి.

తర్వాత లెక్క. కొన్న జింక్ ఎంత, సరుకు మీద పూతగా పోయింది ఎంత. జింక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.14 గ్రాములు. 8 మైక్రాన్ల పూత అంటే చదరపు మీటరుకు సుమారు 57 గ్రాములు. సరుకు విస్తీర్ణాన్ని బట్టి పూత బరువు కట్టి, యానోడ్లుగా (తొట్టిలో కరిగి పూతకు లోహాన్నిచ్చే జింక్ ముక్కలుగా) కొన్న బరువులోంచి తీసేస్తే కొంత మిగులుతుంది. ఆ మిగిలింది బాత్‌లో, అంటే ప్లేటింగ్ తొట్టిలోని ద్రావణంలోనన్నా పెరిగి ఉండాలి, లేదా కడిగిన నీళ్లతో పోయి బురదలోనన్నా తేలాలి. ఈ లెక్క గ్రాము తేడా లేకుండా రాదు, రానక్కర్లేదు కూడా. డబ్బిచ్చి కొన్న లోహంలో ఎంత భాగం నీళ్లతో పోతోందో, దాన్ని మళ్లీ పట్టుకోవడానికి ఇంకెంత ఖర్చవుతోందో చూస్తే చాలు. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే పని ఎక్కడ మొదలుపెట్టాలో అర్థమవుతుంది.

బయటికి తీసిన ప్రతి వస్తువు మీదా ద్రావణం పలచని పొరగా అంటుకుని వస్తుంది. దాన్నే డ్రాగ్‌అవుట్ అంటారు. బ్యారెల్ (చిన్న సరుకును వేసి ద్రావణంలో తిప్పే రంధ్రాల పీపా) అయితే వందల చిన్న రంధ్రాల్లో, బోల్టుల మరల్లో ఇంకా ఎక్కువ పట్టుకుని వస్తుంది. తగ్గించడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. మెల్లగా ఎత్తాలి. తొట్టి పైనే కాసేపు ఆపి బ్యారెల్‌ను తిప్పాలి. జిగ్గుల (సరుకు తగిలించే చట్రాల) మీద సరుకును గిన్నెలా నిలవనీయకుండా వాల్చి తగిలించాలి. తొట్టికీ తొట్టికీ మధ్య, ప్లేటింగ్ తొట్టి వైపు వాలి ఉండే పలక పెట్టాలి.

ఇవన్నీ చెబితే మా సీనియర్ ఆపరేటర్, మేమంతా బాబాయ్ అని పిలిచే ఆయన, చాలాసేపు విని ఒకటే అన్నాడు. "ఆపడం ఎంతసేపు బాబూ? ఆ ఆపిన సేపల్లా క్రేన్ ఖాళీగా ఉండదు కదా. సాయంత్రానికి సరుకు తక్కువైతే అడిగేది నన్నే." ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. తక్కువ సరుకు తీసినందుకు మాట పడేవాడికి నీళ్లు కాపాడమని చెప్పడంలో అర్థం లేదు. దారి కూడా ఆయనే చూపించాడు. తొట్టి పైన అడ్డంగా ఒక పట్టీ బిగిస్తే బ్యారెల్‌ను దానికి తగిలించి వదిలేయొచ్చు. అది కారుతూ ఉండగా క్రేన్ వెళ్లి ఇంకో బ్యారెల్ పని చూసుకుంటుంది. అలాగే బిగించాం. సరుకు తగ్గలేదు. కడుగు తొట్టిలో నీళ్లు చిక్కబడే వేగం కంటికి కనబడేంతగా తగ్గింది.

ఇక కడుగు నీళ్లు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన లెక్క ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. డ్రాగ్‌అవుట్ గంటకు ఒక లీటరు అనుకుందాం. కడిగాక సరుకు మీద మిగిలేది బాత్ కంటే 1,000 రెట్లు పలచగా ఉండాలి. ఒకే కడుగు తొట్టి ఉంటే గంటకు 1,000 లీటర్ల నీళ్లు పారించాలి. రెండు తొట్లు వరసగా పెట్టి, మంచినీళ్లను చివరి తొట్టిలోకి వదిలి, అక్కడ పొంగినవి మొదటి తొట్టిలోకి వచ్చేలా చేస్తే, అంటే సరుకు ఒక వైపు, నీళ్లు ఎదురు వైపు నడిస్తే, గంటకు సుమారు 32 లీటర్లు సరిపోతాయి. మూడు తొట్లయితే 10 లీటర్లే. తొట్టిలో నీళ్లు బాగా కలిసినప్పటి లెక్క ఇది. షెడ్డులో అంత కచ్చితంగా రాదు కాబట్టి గాలి బుడగలతో కలియబెట్టాలి, కొంచెం ఎక్కువ నీళ్లు వదలాలి. అయినా వెయ్యి నుంచి ముప్ఫైకి దిగే తేడా ఎక్కడికీ పోదు. ఈటీపీ ఎంత పెద్దది కట్టాలన్నది ఈ ఒక్క అంకె మీదే ఆధారపడుతుంది. కన్సల్టెంట్ దగ్గర మొదట ఈటీపీ డిజైన్ చేయించుకుని తర్వాత తొట్ల గురించి ఆలోచిస్తే, పారబోసే నీళ్లకు సరిపడా ప్లాంటు కట్టి, దాన్ని నింపడానికి నీళ్లు పారబోస్తూనే ఉంటాం.

మొదటి కడుగు నీళ్లను తిరిగి బాత్‌లో పోసుకోవచ్చు, మేం పోస్తున్నాం. కానీ జింక్‌తో పాటు మలినాలు కూడా తిరిగొస్తాయి. మాది పొటాషియం క్లోరైడ్ బాత్. అందులో సరుకు నుంచి కరిగిన ఇనుము పేరుకుంటుంది. పలచటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మెల్లగా కలిపి, ఇనుమును తుప్పు రంగు మడ్డిగా దించి వడకట్టాలి. ఇది చేయకుండా నీళ్లు మాత్రం తిప్పితే కొన్నాళ్లకు పూత నల్లబడుతుంది. అప్పుడు షెడ్డులో అందరూ పర్యావరణం పేరెత్తితేనే చిరాకు పడతారు.

క్రోమియం సంగతికొస్తే, జింక్ మీద బంగారు పసుపు మెరుపు తెచ్చే పాత పాసివేషన్‌లో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. యూరప్‌లో 2006 జులై 1 నుంచి ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాని వాడకంపై ఆంక్షలున్నాయి. అంత హాని లేని ట్రైవాలెంట్ క్రోమియం వాడే పాసివేషన్‌కు మారాలని నిర్ణయించాం. ప్రశ్నావళిలో అడిగారని మాత్రమే కాదు. ఆ తొట్టి దగ్గర రోజంతా నిలబడేది మా మనుషులే. మారడం తేలికగా జరగలేదు. పీహెచ్ ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. రంగు అంత పసుపుగా రాదు. "పూత పలచగా వేశారా?" అని అడిగిన కస్టమర్లకు సాల్ట్ స్ప్రే పరీక్ష (ఉప్పు నీటి తుంపరలో తుప్పు ఎంతసేపటికి పడుతుందో చూసేది) ఫలితాలు చూపించాల్సి వచ్చింది. ఆ పసుపే కావాలని పట్టుబట్టిన ఆర్డర్లు వదులుకున్నాం. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కొన్ని ట్రైవాలెంట్ ద్రావణాల్లో కోబాల్ట్ లవణాలు ఉంటాయి, వాటికీ ఆరోగ్యపరమైన అభ్యంతరాలున్నాయి. డబ్బా మీద పేరు చూసి కొనకుండా సేఫ్టీ డేటా షీట్‌లోని 16 భాగాలూ చదవాలి. ముఖ్యంగా రెండోది, ప్రమాదాల గురించి చెప్పేది. మూడోది, అందులో ఏమేం కలిశాయో చెప్పేది.

పాత ద్రావణాన్ని వేరే తొట్టిలో, వేరే గొట్టంతో శుద్ధి చేశాం. క్రోమియం నీళ్లు మిగతావాటితో కలవకముందే ఈ పని జరగాలి. పీహెచ్ 2, 3 మధ్య ఉంచి సోడియం మెటాబైసల్ఫైట్ కలుపుతూ పోతే నారింజ పసుపు రంగు విరిగి ముదురు ఆకుపచ్చకు తిరుగుతుంది. హెక్సావాలెంట్ క్రోమియం ట్రైవాలెంట్‌గా మారిందనడానికి అది గుర్తు. రంగు ఒక్కటే నమ్మకుండా పరీక్ష కూడా చేయాలి. ఆ సమయంలో ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది, అందుకని గాలి లాగే ఫ్యాను లేకుండా ఈ పని చేయకూడదు. ఆ తర్వాతే కాస్టిక్ సోడా కలిపి హైడ్రాక్సైడ్‌గా (నీళ్లలో కరగని మడ్డిగా) దించాలి.

కాస్టిక్ ఎక్కువ పోస్తే శుద్ధి ఎక్కువ జరుగుతుందనే నమ్మకం చాలా షెడ్లలో ఉంది. మాటలతో చెప్పే బదులు గాజు జాడీలు వరసగా పెట్టి చూపించాం. జింక్ కలిసిన ఒకే నీళ్లు, పీహెచ్ మాత్రం వేరు. 7 దగ్గర కొద్దిగా మసక. 9 దాటాక తెల్లటి తునకలు ముద్దలుగా కట్టి అడుక్కి దిగాయి, పైన తేట నిలిచింది. 12 దాటిన జాడీలో నీళ్లు అన్నిటికన్నా స్వచ్ఛంగా ఉన్నాయి, అడుగున మాత్రం ఏమీ లేదు. దిగాల్సిన జింక్ మళ్లీ కరిగిపోయింది. కళ్లకు తేటగా కనబడే ఆ జాడీలోనే లోహం నిండుగా ఉంది. జింక్, క్రోమియం రెండూ ఉన్న నీళ్లకు 8.5 నుంచి 9 వరకు మధ్యే మార్గం. మా నీళ్లకు ఏ పీహెచ్ కుదురుతుందో ఆ జాడీలతోనే తేల్చుకున్నాం. అమోనియం క్లోరైడ్ బాత్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా కష్టం, అమోనియా జింక్‌ను పట్టి ఉంచి దిగనీయదు.

జాడీలు చూసిన కుర్రాడొకడు అడిగాడు: "జింక్ మాత్రలు మనం మింగుతాం కదా సార్, నీళ్లలో ఉంటే ఏమవుతుంది?" మంచి ప్రశ్న. మనకు కొద్దిగా కావాల్సిన లోహమే. చేపకు మాత్రం నీళ్లలో కరిగిన జింక్ మొప్పల్ని దెబ్బతీస్తుంది, అదీ మనకు లెక్కలోకి రానంత తక్కువ మోతాదులోనే. నీళ్లు కఠినంగా కాక మెత్తగా ఉన్నచోట ఆ హాని ఇంకా ఎక్కువ. ఆ మాట విన్నాక అతనే పీహెచ్ పుస్తకం రాసే పని తీసుకున్నాడు.

బయటికి వదిలే ముందు మంచినీళ్లు కలిపితే పరిమితి లోపలికి వచ్చేస్తాం కదా అని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే లీటరుకు ఎంత అన్న అంకె తగ్గుతుంది. చెరువులోకి పోయే లోహం గ్రాము కూడా తగ్గదు. చాలా దేశాల నియమాలు శుద్ధికి బదులు పలచన చేయడాన్ని నేరుగా నిషేధిస్తాయి. అలాంటి సలహా ఇచ్చిన మనిషితో మళ్లీ పని పెట్టుకోలేదు.

దిగిన బురద ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, పలకలుగా చేసి సంచుల్లో కడతాం. ఇలాంటి లోహపు బురదను చాలా చోట్ల ప్రమాదకర వ్యర్థంగా లెక్కిస్తారు. ఒక దేశపు ప్రమాదకర వ్యర్థాలు ఇంకో దేశంలో పారబోయకుండా 1989లో బాసెల్ ఒప్పందమే కుదిరింది, 1992 నుంచి అమల్లో ఉంది. మా స్థాయిలో ప్రశ్న చిన్నదే: లారీ గేటు దాటాక ఆ సంచులు ఎక్కడికి పోతాయి? మిగతావాళ్ల కన్నా బాగా తక్కువకు తీసుకెళ్తానని ఒకాయన వచ్చాడు. లైసెన్సు కాగితం అడిగితే "అవన్నీ మీకెందుకు, గేటు దాటాక నా పూచీ" అన్నాడు. గేటు దాటాక కూడా పూచీ మాదే. అందుకే ఆయన్ని పంపించేశాం. చివరికి ఒప్పందం చేసుకున్న కేంద్రానికి ముందుగా నేనే వెళ్లాను. బరువు తూచే చోటు, శాంపిల్ తీసే ల్యాబ్, అడుగున పొరలు వేసిన గుంత అన్నీ కళ్లారా చూసి వచ్చాను. ఇప్పుడు ప్రతి లోడుకూ అక్కడ దించినట్టు సంతకమైన ప్రతి వెనక్కి వస్తేనే మా పుస్తకంలో ఆ లోడు మూసినట్టు రాస్తాం.

మిగతావి తొందరగానే అయ్యాయి. యాసిడ్ ఆవిరికి హుడ్, స్క్రబ్బర్ (ఆవిరిని నీళ్లతో కడిగే యంత్రం) పెట్టాం. డ్రమ్ముల కింద ట్రేలు పెట్టాం, ట్రేలో అన్నిటికన్నా పెద్ద డ్రమ్ములో పట్టేదానికి 110 శాతం పట్టాలన్నది చాలా చోట్ల పాటించే లెక్క. యాసిడ్లు ఒక మూల, క్షారాలు ఇంకో మూల. కంప్రెసర్ లైన్లలో కారుతున్న గాలిని సబ్బు నీళ్లతో వెతికి కీళ్లు బిగించాం.

కన్సల్టెంట్ ఒక లావుపాటి మాన్యువల్ ఇచ్చి ఐఎస్ఓ 14001 అనే పర్యావరణ నిర్వహణ ప్రమాణపత్రం తీసుకోమన్నారు. 1996లో మొదలై 2015లో మూడో కూర్పుగా వచ్చిన ఆ ప్రమాణం మంచిదే. ఎవరు ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి అనేది ఒక పద్ధతిలో పెడుతుంది. కానీ అది స్వచ్ఛందం. లీటరుకు ఎంత జింక్ వదలొచ్చో అది చెప్పదు, ప్రభుత్వ అనుమతికి బదులు పనికిరాదు. ఇంకో షెడ్డు పేరు చెరిపి మా పేరు రాసిన మాన్యువల్ అసలే పనికిరాదు. దాన్ని పక్కన పెట్టి, తొట్టి తొట్టికీ ఒక పేజీ చొప్పున మేమే రాసుకున్నాం.

తనిఖీకి వచ్చిన అధికారిణి ఫైళ్లు తర్వాత చూస్తానని నేరుగా లోపలికి నడిచారు. నీళ్ల మీటరు అంకె చూసి పుస్తకంలోని అంకెతో పోల్చారు. బయటికి పోయే నీళ్ల శాంపిల్ తనే పట్టారు. ఈటీపీ దగ్గర నిలబడి అడిగారు: "మందు వేసే పంపు రాత్రి ఆగిపోతే ఈ నీళ్లు ఎక్కడికి పోతాయండీ?" సంప్‌లో కొంతసేపు నిలుస్తాయని చెప్పాను. ఎంతసేపని అడిగారు. అక్కడే లెక్క వేసి చూపించాం. ఒక షిఫ్టు నీళ్లు పట్టే ఖాళీ తొట్టి ఎప్పుడూ ఉండాలని ఆమె షరతు రాశారు. న్యాయమైన షరతు, ఎందుకంటే శుద్ధి ఆగినా ప్లేటింగ్ ఆగకపోతే నీళ్లు ఏదో ఒక దారి వెతుక్కుంటాయి.

అనుమతి వచ్చింది. వచ్చిన కాగితంలో మొదటి పేజీ కన్నా వెనకున్న షరతుల పేజీలు ముఖ్యం. ఒక్కో షరతు పక్కన ఒక మనిషి పేరు రాశాం: మీటరు ఎవరు చూడాలి, శాంపిల్ ఎవరు పంపాలి, ఒలికితే ఎవరు ఫోను చేయాలి, ఆయన సెలవులో ఉంటే ఎవరు. అవన్నీ చదవగలిగే తెలుగులో రాసి తొట్ల పక్కన గోడకు తగిలించాం.

రెండో లైను పని ఇప్పుడు నడుస్తోంది. చివరి కడుగు నీళ్లను అయాన్ ఎక్స్‌ఛేంజ్‌తో, అంటే కరిగిన లోహాన్ని పట్టుకునే రెసిన్ గుళికల గుండా పంపి, శుద్ధి చేసి తిరిగి వాడుకోవచ్చని ఒక ప్రతిపాదన వచ్చింది. ఆ రెసిన్‌ను మళ్లీ సిద్ధం చేయడానికి యాసిడ్, కాస్టిక్ కావాలి, దానిలోంచి వచ్చే చిక్కటి నీళ్లను మళ్లీ మేమే శుద్ధి చేయాలి. లాభమా నష్టమా అన్న లెక్క ఇంకా తేలలేదు. ఈలోగా కొత్త లైను గీతలో ప్రతి ప్లేటింగ్ తొట్టి తర్వాతా మూడు కడుగు తొట్లకు చోటు వదిలించాం. బాబాయ్ అడిగిన అడ్డ పట్టీని ముందే వెల్డింగ్ చేయించాం.